చెట్టెక్కే గింజలు

ఆ కుర్చీ ఇటు అద్దం తలుపు పక్కకి లాక్కుని కుదురుగా కూర్చో బుజ్జీ. ఫోను బోర్లా పెట్టు. తలుపు కాస్త తీసే ఉంచు, వాన గాలి రానీ. ఒక చెవి ఇటూ ఒక చెవి అటూ పెట్టి వినేదయితే నేను చెప్పను. వచ్చే నెల కీటకశాస్త్రంలో చేరుతున్నావు. మీ సార్లు పుస్తకంలో ఉన్నది చెప్తారు. లేనిది ఎవరో ఒకరు చెప్పాలి కదా. నేను చెప్తూ పోతాను, నువ్వు టైపు చేస్తూ పో. మధ్యలో "అమ్మమ్మా, ఇది ఇంతకుముందు చెప్పావు" అనకు. చెప్పి ఉంటే ఇంకోసారి రాయి.

నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఎన్ని మీటింగులకి వెళ్ళానో ఇందులో ఉండదు. అవి నాకే గుర్తు లేవు. గుర్తున్నవి చెప్తాను.

ముప్పై ఏళ్ళు నేను చేసిన పని ఒకటే, చచ్చిన నల్లుల్ని చూడటం. మొహం అలా పెట్టకు, మంచం నల్లులు కాదు. మొక్క నల్లులు. వరి చేలో సుడిదోమ గుడ్లు తినే పచ్చ మిరిడ్ నల్లి ఉంటుందే, దాని చుట్టాలు. వీటి ఒళ్ళు ఎంత మెత్తనంటే గట్టిగా ఊపిరి వదిలితే కాలు ఊడిపోతుంది. సూది నేరుగా గుచ్చితే ముక్కలవుతాయి. అందుకని త్రికోణంగా కత్తిరించిన చిన్న అట్టముక్క కొసన జిగురుతో అంటించి, ఆ అట్టకి సూది గుచ్చుతాం. సూదికి కింద చీటీ. చీటీ మీద మూడు ముక్కలు: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారు.

వాటి తొడల మీద పొడవాటి వెంట్రుకలు ఉంటాయి, చిన్న చిన్న గుంటల్లోంచి మొలిచినట్టు. ఎంత చిన్న గాలి కదిలినా వాటికి తెలిసిపోతుంది. మనం చెయ్యి చాచక ముందే, మనం వస్తున్నామని తెలుస్తుంది. మొదటి ఏడాది మైక్రోస్కోపు కింద ఆ వెంట్రుకలు చూస్తున్నప్పుడు, చచ్చిన పురుగే అయినా, అది నా ఊపిరిని వింటున్నట్టు అనిపించేది. ఊపిరి బిగపట్టి చూసేదాన్ని. ఇప్పటికీ అంతే. నీకూ ఆ అలవాటు వస్తుంది.

ఇంటిపేరు లేని పురుగు

కొత్త పురుగు దొరికిందంటే బయటివాళ్ళు పండగ అనుకుంటారు. కొత్త జాతి పెద్ద వింత కాదమ్మా, పాత పెట్టెలు తీస్తే పేరు పెట్టనివి వరుసలు కట్టి ఉంటాయి. కొత్త ప్రజాతి వేరే సంగతి. ప్రజాతి అంటే ఇంటిపేరు, జాతి అంటే పేరు. శాస్త్రంలోనూ మన పద్ధతే, ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఉన్న ఇంట్లో ఇంకో బిడ్డ పుడితే పేరొక్కటి పెడితే చాలు. ఏ ఇంటికీ చెందని మనిషి గుమ్మంలో నిలబడితే ఏం చేస్తావు? తెలిసిన ప్రతి ఇంటికీ తీసుకెళ్ళి, "ఈ ముక్కు మీది కాదా, ఈ నడక మీది కాదా" అని అడిగి, కాదనిపించుకుని రావాలి. అన్ని ఇళ్ళూ కాదన్నాక కొత్త ఇంటిపేరు పెడతావు. ఒక్క ఇల్లు వదిలేసినా ఇంకొకడు వచ్చి, అది మా వాడే అంటాడు. అప్పుడు తల ఎత్తుకోలేవు.

ఈ పనిలో మెడ పోతుంది, కళ్ళు పోతాయి, పేరు రాదు. ఓపిక ఉన్నవాళ్ళే రావాలి. తెలివైనవాళ్ళు చాలామంది మధ్యలో వెళ్ళిపోయారు. నాకు తెలివి తక్కువ కాబట్టి మిగిలాను.

పెద్దసారు

పురుగుల పెట్టెలు దాచే మా ఆఫీసులో పెద్దసారు గురించి చెప్పాలి. చేరిన కొత్తలో పొలం నుంచి ఒక మంచి పురుగు తెచ్చాను. చీటీ రాయలేదు. "ఎక్కడ పట్టానో గుర్తుంది సార్, సాయంత్రం రాస్తాను" అన్నాను. ఆయన ఆ పురుగుని తీసుకుని, నా కళ్ళ ముందే బొటనవేలితో బల్లకేసి నలిపేశారు.

"ఊరు లేని పురుగు దయ్యంతో సమానం అమ్మాయ్. అది ఎక్కడా లేదు. లేనిదాన్ని పెట్టెలో పెట్టకూడదు."

ఏడుపొచ్చింది. కానీ ఆ తర్వాత ఒక్క చీటీ ఆలస్యం చెయ్యలేదు. ఆ విషయంలో ఆయన మాట ముమ్మాటికీ నిజం.

ఇంకో విషయంలో ఆయన తప్పు. అప్పట్లో మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. అటెండర్లు పట్టినా, స్వీపర్లు పట్టినా, పట్టినవారు అన్నచోట ఆఫీసరు పేరే రాసేవాళ్ళం. అది దొంగతనం అని ఎవరూ అనుకోలేదు, పద్ధతి అనుకున్నాం. నా పేరున ఉన్న చీటీల్లో సగం పురుగులు నేను పట్టినవి కావు. నువ్వు మటుకు ఎవరు పట్టారో వాళ్ళ పేరే రాయి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

నర్సమ్మ

నర్సమ్మ మా అటెండరు. రాయదుర్గం మనిషి, ఐటీ టవర్లు రాకముందు, గుట్టలున్నప్పటి రాయదుర్గం. పెట్టెలు తుడవటం, కలరా ఉండలు మార్చటం, నాతో బయటికి వచ్చినప్పుడు గొడుగు తిరగేసి పట్టుకోవటం ఆమె పని. గొడుగు తిరగేసి కొమ్మ కింద పట్టుకుని కొమ్మని కర్రతో కొడితే పురుగులన్నీ అందులో పడతాయి. నేను కొట్టేదాన్ని. నాకంటే ముందు ఆమెకే కనపడేవి. చదువు లేదు. అందర్నీ నువ్వు అనే పిలిచేది, పెద్దసారుని కూడా. ఆయన ఒక్కరే దానికి నవ్వేవారు.

ఒకరోజు టీల దగ్గర ఏదో మాటల్లో అంది.

"మేడం, మా గుట్ట మీద ఒక ఊడుగ చెట్టున్నది. మొదటి వాన పడంగనే కిందికి రాలిన గింజలు మల్ల చెట్టెక్కుతయి."

"ఎక్కుతాయా? మెట్లు కట్టించారా నర్సమ్మా?" అన్నాను. అందరూ నవ్వారు.

"నవ్వుండ్రి. మా అవ్వ సూసింది, నేను సూసిన. నడుస్తయి."

ఊడుగ గింజలు వానకి తిరిగి చెట్టుకి అంటుకుంటాయని ఒక పాత నమ్మకం ఉందిలే. నాకు తెలుసు. అందుకే గొంతు సవరించుకుని శాస్త్రం చెప్పాను. "ఆ పండులో జిగురుంటుంది. తడిసి బెరడుకి అంటుకుంటాయి. అంతే."

"అంటుకునుడు కాదు మేడం. ఎక్కుడు."

టీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆలోచించు బుజ్జీ. నా వృత్తే చిన్న చిన్నవాటిని చూడటం. గింజంతది ఒకటి చెట్టెక్కుతోందని ఒక మనిషి కళ్ళారా చూసి చెప్తే, నేను జిగురు గురించి పాఠం చెప్పాను. నా ఉద్యోగంలో అంతకన్నా పెద్ద తప్పు లేదు అనుకున్నాను, సంగతి తెలిసినప్పుడు. తర్వాత ఇంకోటి చేశాను.

నా చేతిరాత

రిటైరయ్యాక మంగళవారాలు పాత పెట్టెలు సర్దడానికి వెళ్ళేదాన్ని. ఆ గదిలో ఫ్యాను వెయ్యకూడదు, గాలికి పురుగులు లేచిపోతాయి. మధ్యాహ్నం పూట కలరా ఉండల వాసన, నా ఊపిరి, అంతే. పేరు పెట్టని మిరిడ్ల పెట్టె ఒకటి తీశాను. చివరి వరుసలో ఐదు ఉన్నాయి. నాలుగు గుండ్రంగా, నల్లగా, ముడతలు పడి, పాడైపోయిన గింజల్లా. ఒకటి సన్నగా, రెక్కలతో.

చీటీ నా చేతిరాత.

నా ఏడంకె నడుముకి నేను అడ్డగీత పెడతాను, అది ఉంది. ఇంటిపేరు అక్షరం తర్వాత చుక్క పెట్టడం మర్చిపోతాను, అక్కడ చుక్క లేదు. రాయదుర్గం గుట్ట అని ఉంది. పట్టినవారు, నేను. నాకేమో ఆ పురుగుల్ని చూసిన గుర్తు లేదు. నేను రాసిన గుర్తు లేదు.

నోటుబుక్కు తీసి చూశాను. ఆ తారీఖున నేను నంద్యాలలో ఉన్నాను, మా తమ్ముడి పెళ్ళిలో. ఆల్బంలో ఫోటో కూడా ఉంది, పంక్తిలో వడ్డిస్తున్నాను, కొంగు నడుముకి చెక్కుకుని. అదే రోజు రాయదుర్గం గుట్ట మీద నేను పురుగులు పట్టినట్టు నా చేత్తో రాసి ఉంది.

నా వయసు వాళ్ళకి దయ్యమంటే భయం ఉండదు, మరుపంటే ఉంటుంది. ఇంటికొచ్చి మీ అమ్మకి కూడా చెప్పలేదు. మూడు రోజులు పాత ఉత్తరాలు, చీటీలు అన్నీ బయటపెట్టి, నేను రాసినవి ఏవి, రాయనివి ఏవి అని చూసుకుంటూ కూర్చున్నాను. ఆ మూడు రోజులూ నా చేతిని నేనే నమ్మలేదు.

ఒక్క తేడా మాత్రం ఉంది. మొక్క పేరు ఉండాల్సినచోట పేరు లేదు. చీటీ కింద సూదికి ఒక ఎండిన ఆకుముక్క గుచ్చి ఉంది. నేను ఎప్పుడూ అలా చెయ్యను.

తర్వాతి మంగళవారం పురుగుని మెత్తబరచడానికి తడి గిన్నెలో పెట్టి మూత వేశాను. ఎండిపోయిన పురుగు అలా ఒక పూట ఉంటే కాళ్ళు కదిలేలా అవుతాయి. మూత తీయగానే వాసన వచ్చింది. మొక్క నల్లులకి రొమ్ము పక్కన వాసన గ్రంథి ఉంటుంది. కానీ ఇన్నేళ్ళ తర్వాత రాకూడదు. మొదటి వానకి బండ వేడి తగ్గుతున్నప్పుడు వచ్చే వాసన, అందులో పచ్చి ఆకు నలిపిన చేదు. గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. వెనక్కి తిరిగి చూశాను.

మైక్రోస్కోపు కింద పెట్టాక భయం పోయి పని మొదలైంది. ఆ గింజలు ఆడవి. ముందు రెక్కలు రెండూ కలిసిపోయి పెంకులా గట్టిపడ్డాయి, వాటి మీద ముడతలు. కాళ్ళు, మీసాలు కిందికి ముడుచుకుంటే గింజకీ దానికీ తేడా తెలియదు. రెక్కలున్న సన్నది మగది. దాని తోక చివర కాస్టిక్ పొటాష్‌లో మరగబెట్టి, లోపలి కొక్కేలు విప్పి, గ్లిజరిన్‌లో పెట్టి బొమ్మ గీశాను. ఎడమ కొక్కెం కొడవలిలా వంగి, కొసన మళ్ళీ రెండుగా చీలింది. ఏ ఇంటి మగపురుగో చెప్పేది ఆ కొక్కేలే, ఏ ఇంటి కొక్కెమూ అలా లేదు. ఐదు నెలలు ఒక్కో ఇంటికీ తిప్పాను. అందరూ కాదన్నారు.

కొత్త ప్రజాతి. జీవితంలో ఒక్కటి రాయాలని ఉండేది నాకు. ఎదురుగా ఉంది, కానీ రాయలేను. పట్టినవారు అని నా పేరు వేస్తే అబద్ధం, ఆ రోజు నేను అక్కడ లేను. చీటీ నమ్మలేం అని రాస్తే పురుగుకి ఊరు పోతుంది. పెద్దసారు మాట ప్రకారం అది దయ్యం.

ఆ నాలుగు గింజల్నీ చూస్తూ కూర్చున్నాను. గింజలు. వాసన. ఆకుముక్క. "అంటుకునుడు కాదు మేడం. ఎక్కుడు." అప్పుడు వెలిగింది.

బోరబండ

నర్సమ్మ బోరబండలో కూతురి దగ్గర ఉంటోందని తెలిసింది. స్టేషన్ దిగి సందులో అడుగుతూ అడుగుతూ వెళ్ళాను. గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నన్ను చూసి లేవలేదు, ఆశ్చర్యపోలేదు. నిన్న సాయంత్రం ఆపిన మాట అందుకున్నట్టు అడిగింది.

"వచ్చినవా మేడం. ఎక్కినయా మరి, లేదా?"

ఇరవై ఏళ్ళు దాటింది ఆ మాట అనుకుని. పక్కన కూర్చున్నాను.

"ఆ చీటీ నువ్వే రాశావా?"

"నేనే. నువ్వు పెండ్లికి పోయినవ్ గద. ఆ దినమే మొదటి వాన పడ్డది. ఆఫీసు అయినంక గుట్టకు పోయి పట్టుకొచ్చిన. నీ లెక్కనే అట్టకు అతికిచ్చిన."

"మరి నా పేరెందుకు రాశావు?"

నా మొహంలోకి చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "నీ పేరు రాయకుంటే ఎవల పేరు రాయాలె? చీటీ మీద నీ పేరే ఉంటది గద, ఎప్పటికైనా."

"నీకు రాయటం రాదు కదా నర్సమ్మా."

"సదువుడు రాదు. ఏసుడు వస్తది. ముగ్గు ఏసినట్టు. మా గుట్ట మీది పురుగు కింద ఉన్న నీ పాత చీటీ ఒకటి ముంగట పెట్టుకున్న, ఊరు పేరు, నీ పేరు గట్లనే దించిన. తారీఖు గోడ క్యాలెండర్ల సూసి, అంకెలు నీ లెక్కనే ఏసిన. చెట్టు పేరు యాడ దొరకలే. అందుకే ఆకు గుచ్చిన."

"చూపించలేదే నాకు మరి?"

"నువ్వే సూస్తవ్ అనుకున్న. నీ పెట్టెనే గద. ఒక్కసారన్న తీస్తవ్ అనుకున్న." చిక్కుడు పీచు లాగి పక్కన పడేసింది. "తియ్యకపోతివి."

సంచిలోంచి కాగితం, పెన్ను తీసి ఇచ్చాను, ఒక్కసారి రాయమని. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. కాగితం మోకాలి మీద పెట్టుకుని ఒక్కో అక్షరం దించింది. నడుముకి గీత ఉన్న ఏడు. చుక్క లేని ఇంటిపేరు. ఇప్పుడు నా చెయ్యి వణుకుతుంది బుజ్జీ, నీకు తెలుసు, సంతకం కూడా పాకుతున్నట్టు ఉంటుంది. ఆమె చెయ్యి వణకలేదు. వయసులో ఉన్నప్పటి నా చేతిరాత తిన్నగా, శుభ్రంగా, ఆమె చేతిలోంచి వస్తూనే ఉంది. నా చేతిలో లేనిది ఆమె చేతిలో ఉంది. కాగితం మడిచి దాచుకున్నాను.

"చెట్టు చూపిస్తావా?" అన్నాను.

"చెట్టు లేదు మేడం. జాగ సూపిస్త. మొదటి వాన రానియ్యి."

కెమెరా స్తంభం

రాయదుర్గంలో మీ అమ్మ పనిచేసే ఆఫీసు ఉంది చూడు, దాని లాన్‌లో ఒకదాని మీద ఒకటి రెండు బండలు అందం కోసం వదిలేశారు, కింద లైట్లు పెట్టి. చుట్టూ గుట్ట అంతా పేల్చేసి ఆ రెండే మిగిల్చారు. మొదటి వాన పడిన సాయంత్రం మీ అమ్మ పాసు రాయించి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది. నర్సమ్మ ఆ బండల్ని చూసి, చెయ్యి ఆనించి, "తల్లీపిల్ల రాళ్ళు. మా పెద్దోన్ని పక్కన పండుకోబెట్టి ఈడనే సీతాఫలాలు తెంపిన" అంది. తర్వాత తూర్పుకి తిరిగి పదిహేను అడుగులు వేసింది. తల దించుకుని, లోపల ఏదో లెక్కపెట్టుకుంటూ. ఆగింది.

ఆగినచోట ఇనప స్తంభం. పైన కెమెరా.

సెక్యూరిటీ అతను గొడుగు వేసుకుని వచ్చాడు. "ఈ కెమెరాతోనే పరేషాన్ మేడం. ప్రతి ఏడాది ఫస్ట్ వానకు బ్లాక్ అయితది. పురుగులు కూసుంటయి."

నేను వంగి చూశాను. స్తంభం మొదట్లో గడ్డి చెక్కిన మట్టిలో నల్లగా గింజలు. వాన చినుకు ఒకటి పడింది. ఒక గింజకి కాళ్ళు వచ్చాయి. తర్వాత ఇంకోదానికి. నాలుగు. ఒకదాని వెనక ఒకటి, తడి ఇనుము మీద నెమ్మదిగా ఎక్కుతున్నాయి. ఆకు లేదు, కొమ్మ లేదు, బెరడు లేదు. చెట్టు పోయి ఎన్నేళ్ళయిందో. అయినా చెట్టు ఉన్నట్టే, చెట్టు ఎంత ఎత్తుందో తెలిసినట్టే ఎక్కుతున్నాయి. ఇన్నేళ్ళూ ఏం తిని బతికాయో నాకు ఈనాటికీ తెలియదు. మీ అమ్మ నా జబ్బ పట్టుకుంది. "అమ్మా, వెళ్ళిపోదాం పద" అంది. ఇంజనీరు కదా, చెట్టు లేనిచోట చెట్టెక్కటం ఆమెకి నచ్చలేదు.

ఇప్పుడు రెండో తప్పు చెప్తాను, ఇది అక్షరం పోకుండా రాయి.

మా దగ్గర నోటితో పీల్చే గొట్టం ఉంటుంది. ఒక కొస పురుగు దగ్గర, ఒక కొస నోట్లో. పీల్చితే పురుగు మధ్యలో ఉన్న సీసాలో పడుతుంది. అది ఎప్పుడు సంచిలోంచి తీశానో, ఎప్పుడు నోట్లో పెట్టుకున్నానో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళ అలవాటు. ఒకటి. రెండు. మూడు. నర్సమ్మ నా భుజం మీద చెయ్యేసింది.

"సాలు మేడం. ఇంక ఎన్ని మిగిలినయో నీకెరుకనా?"

ఎరుక లేదు. నాలుగోది అప్పటికే చేతికందని ఎత్తుకి వెళ్ళిపోయింది.

ఆ మూడూ నాకు అవసరం లేదు బుజ్జీ. ప్రజాతి రాయడానికి నర్సమ్మవి ఐదు ఉన్నాయి, చీటీ ఎవరిదో తెలిసింది, ఊరు తేలింది. అంతా చేతిలో ఉంది. కనపడ్డాయి కాబట్టి పీల్చాను. కోసి చూస్తే మూడింటి కడుపులోనూ గుడ్లు ఉన్నాయి.

తర్వాత మీ అమ్మ ఆ రోజు కెమెరా బొమ్మ అడిగి ఫోన్లో చూపించింది. పైనుంచి కనపడుతుంది. తెల్ల జుట్టు ముసలమ్మ స్తంభం పట్టుకుని, నోట్లో గొట్టంతో, ఏదో తాగుతున్నట్టు. నన్ను నేను పోల్చుకోవటానికి కాసేపు పట్టింది. అంతలో తెర ఒక పక్క నుంచి నల్లబడుతుంది. అద్దం మీద ఆరు కాళ్ళు, మధ్యలో పొట్ట, ముడుచుకున్న ముక్కు. అది అలా చాలాసేపు ఉంది. దాని కాళ్ళ మధ్యనుంచి కింద నేను కనపడుతూనే ఉన్నాను, పైకి చూస్తూ. తర్వాత అది పక్కకి జరిగి వెళ్ళిపోయింది. ఎటో తెలియదు. అక్కడి నుంచి ఎటు వెళ్ళడానికీ ఏమీ లేదు.

వ్యాసం అచ్చయింది. ఊడుగ చెట్టు పేరుని ఇంటిపేరుగా, నర్సమ్మ పేరుని జాతి పేరుగా పెట్టాను. పట్టినవారు నర్సమ్మ అని రాసి, చీటీ మీద నా పేరు ఎందుకుందో, మా పద్ధతి ఏమిటో ఒక పేరా రాశాను. ఆ పేరా తీసెయ్యమన్నారు, అనవసరం అని. తియ్యలేదు.

ఆ మరుసటి ఏడు మొదటి వానకి గొడుగు వేసుకుని వెళ్ళి నిలబడ్డాను. ఏమీ ఎక్కలేదు. ఆ పై ఏడూ అంతే. సెక్యూరిటీ అతను సంతోషంగా చెప్పాడు, "ఈసారి కెమెరా సాఫ్ ఉంది మేడం, ఒక్క పురుగు లేదు" అని. నేను ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. బారసాలా దినమూ ఒకే కాగితం మీద రాసేశానా అని. ఏ పుస్తకంలోనూ ఉండదు ఇది. ఒక ఇంటిపేరు మొత్తాన్ని, పెట్టిన చేత్తోనే, ముగ్గుర్ని పీల్చి ముగించానా? అప్పటి నుంచి వాన అంటేనే నాకు దడ.

కుండీ

పోయిన వారం నర్సమ్మ కూతురు ఒక చిన్న టిఫిను డబ్బా ఇచ్చి వెళ్ళింది. అందులో ఏడు ఊడుగ గింజలు. నర్సమ్మకి ఫోన్ చేశాను.

"ఎక్కడివి నర్సమ్మా?"

"యాడివి అని అడగకు. చెప్తే పోతవు. పోతే పీల్చుకొస్తవు."

నాకు కోపం రాలేదు. "గింజలేనా?" అన్నాను.

"నీకు శాస్త్రం ఎరుక గద మేడం. సూసుకో." నవ్వింది. "మట్టి మీద పెట్టు. పూడ్చకు. వాన తగలనియ్యి."

లెన్సు బల్ల మీదే ఉంది. తియ్యలేదు. నర్సరీ నుంచి ఊడుగ మొక్క తెప్పించి బాల్కనీలో పెట్టాను కదా, మీ అమ్మ పధ్నాలుగో అంతస్తులో చెట్టేమిటి అని సణిగిందే, అదే కుండీ. ఏడూ మట్టి మీద పెట్టాను. చీటీ రాయటానికి కూర్చున్నాను. తారీఖు రాశాను. పట్టినవారు నర్సమ్మ అని రాశాను. ఎక్కడ అన్నచోట ఖాళీ వదిలేశాను. నా జన్మలో ఊరు లేని చీటీ అదొక్కటే. పెద్దసారు ఉంటే బొటనవేలితో నలిపేసేవారు. నలపనీ. దయ్యంలాగైనా ఉండనీ, ఉంటే చాలు. నువ్వు చేరబోయే పనిలో ఇది తప్పు. ఎక్కడ అన్నచోట ఖాళీ వదలకూడదు. నేను వదిలాను. రెండూ రాయి.

ఇవాళ తెల్లారి నువ్వు నిద్రలో ఉండగా వాన పడింది. కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళాను. మట్టి మీద మూడు ఉన్నాయి. వంగి చూస్తే మొక్క కాండం మీద, చివర కొత్త చిగురు కింద, రెండు. ఊపిరి బిగపట్టుకుని మళ్ళీ లెక్కపెట్టాను. మూడూ రెండూ ఐదు. పీల్చే గొట్టం లోపలి గదిలో సొరుగులో ఉంది, తాళం వేసి తాళంచెవి మీ అమ్మకిచ్చాను. చెయ్యి దానంతట అదే పోతుందని నా భయం. మిగతా రెండింటి కోసం కుండీ చుట్టూ, కటకటాల మీద, తలుపు సందులో అంతా వెతికాను. ఎక్కడా...

"అమ్మా, ఇద్దరూ లేవండి, అన్నం వడ్డించేశాను. పప్పు చల్లారిపోతోంది."

వస్తున్నానే, ఒక్క ముక్క. బుజ్జీ, నువ్వు కదలకు. ఊపిరి మెల్లగా వదులు. నీ మోచేతి పక్కన ఆ అద్దం మీద ఉన్నది గింజే అయితే నడవకూడదు.